ఆల్-చాట్‌లో గిల్లుడు: ఆయుధమా, నోటి దూలా?

బీసైట్_బుల్లోడు
మన కౌంటర్-స్ట్రైక్ 2 (ఐదుగురేసి రెండు జట్ల తుపాకుల ఆట; టెర్రరిస్టులు బాంబు పెడతారు, డిఫెన్స్ జట్టు ఆపుతుంది) కస్టమ్ మ్యాచుల్లో రౌండు నడుస్తున్నంతసేపూ ఆల్-చాట్, అంటే ఎదుటి జట్టుకీ కనిపించే రాత చాట్, వద్దని ప్రతిపాదన వచ్చింది కదా, నా ఓటు దానికి వ్యతిరేకం. ఎదుటోణ్ణి గిల్లడం ఈ జాతి ఆటలకి పుట్టుకతో వచ్చిన గుణం. 1999లో అన్‌రియల్ టోర్నమెంట్‌లో కవ్వింపు మాటలకి విడిగా మెనూయే ఉండేది. అదే ఏడాది వచ్చిన క్వేక్ 3 అరీనాలో గాంట్లెట్ అనే చేతి ఆయుధంతో దగ్గరికెళ్ళి చంపితే అనౌన్సర్ "హ్యుమిలియేషన్" అని ప్రకటించేవాడు. టీమ్ ఫోర్ట్రెస్ 2లో ఒకడు మీ చేతిలో చావకుండా మిమ్మల్ని నాలుగుసార్లు చంపితే డామినేషన్, మీరు తిరిగి లేపేస్తే రివెంజ్. తయారుచేసినవాళ్ళే పగల ఖాతా రాసిపెట్టారు, మనమెవరం చెరపడానికి?

పైగా అది పనిచేస్తుంది. ఏడబ్ల్యూపీ (దూరం నుంచి కాల్చే స్నైపర్ తుపాకి) పట్టుకున్నవాడు మిడ్‌లో, అంటే మ్యాప్ నడిమి దారిలో, తేలికైన షాట్ వదిలేశాడనుకోండి. రౌండయ్యాక "ఆ గోడ నీకేం అన్యాయం చేసిందన్నా?" అని ఒక్క లైను చాలు. ఉడుక్కునే రకమైతే తరవాతి రౌండు అదే మూలకి, అదే టైముకి వస్తాడు. అప్పుడు ఆ సందుని స్మోక్‌తో (పొగ గ్రెనేడ్‌తో) మూయకండి, ఖాళీగా వదలండి. ఒకడు ఫ్లాష్ (కళ్ళు బైర్లు కమ్మించే గ్రెనేడ్) వేయాలి, ఒకడు తల ఎత్తులో క్రాస్‌హెయిర్ (గురి గుర్తు) పెట్టుకుని పీక్ చేయాలి, అంటే మూల నుంచి తొంగిచూడాలి, మూడోవాడు ట్రేడ్ కోసం, అంటే మనవాడు చస్తే చంపినోణ్ణి వెంటనే లేపేయడానికి, వెనకే ఉండాలి. ఆట డబ్బులో 4750 డాలర్ల తుపాకి నేలమీద పడుతుంది.

కిట్_లేదు
బుల్లోడన్నా, అంతా బానే ఉంది, అవతలోడు చాట్ చదివితే కదా! ఎదుటి జట్టు మొత్తాన్ని మ్యూట్ చేసే ఆప్షన్ సెట్టింగుల్లోనే ఉంది. అది ఆన్ చేసుకున్నోడికి నీ పంచ్ అసలు కనపడదు, చదివేది నీ జట్టోళ్ళే.

అసలు నష్టం వేరే. చాట్ పెట్టె తెరిచి ఉంటే డబ్ల్యూ, ఏ, ఎస్, డీ కీలు మనిషిని నడిపించవు, అక్షరాలై పడతాయి. ఫ్రీజ్ టైము, అంటే రౌండు మొదట్లో ఎవరూ కదలలేని వ్యవధి, 15 సెకన్లు. అందులోనే కొనాలి, డబ్బుల్లేనోడికి తుపాకి పడెయ్యాలి, ప్లాన్ వినాలి. లైను సగంలో ఉండగా టైమైపోతే నలుగురూ పరిగెడతారు, కవిగారు స్పాన్‌లో (రౌండు మొదలైన చోటే) విగ్రహంలా నిలబడతారు. ఖర్మ కొద్దీ బాంబు ఆయన దగ్గరే ఉంటుంది.

వై కీ ఆల్-చాట్, యూ కీ టీమ్-చాట్. కీబోర్డు మీద పక్కపక్కనే. ఊపులో వేలు జారిందో, "ఏ మీద ఫేక్, బీకి పోదాం" అన్న ప్లాన్ (ఏ, బీ బాంబు పెట్టే సైట్లు) నేరుగా శత్రువు తెర మీదకి. వాలరెంట్ అనే ఇలాంటి ఆటలో ఉత్త ఎంటర్ కొడితే జట్టుకే, షిఫ్ట్‌తో కలిపి కొడితేనే అందరికీ. ఆ అమరిక కాస్త నయం.

ఇక సమాచారం కారిపోవడం. "నీ ఏడబ్ల్యూపీ నా దగ్గరే భద్రంగా ఉంది, థాంక్స్" అని రాశావు. నవ్వొచ్చింది, సరే. కానీ ఆ తుపాకి ఇప్పుడు మీ చేతిలో ఉందనీ, పట్టుకున్నది నువ్వేననీ ఐదుగురికీ తెలిసిపోయింది. మూడు స్మోకులతో పొడవు సందులన్నీ మూసేసి దగ్గర పోరుకి వస్తారు. అలాగే "డబ్బుల్లేవా పాపం?" అంటే ఏంటి అర్థం? వాళ్ళది ఎకో రౌండు (డబ్బు దాచుకోవడానికి పెద్దగా ఏమీ కొనని రౌండు) అనుకుని మీరు తేలిగ్గా ముందుకొస్తున్నారని చెప్పినట్టే. చేతిలో 2000 ఉన్నోడు కూడా ఫోర్స్ కొని (ఉన్నదంతా ఖర్చుపెట్టి) ఇరుకు దారిలో కాచుకుంటాడు.

స్మోక్_సుబ్బులు
కారేది నిజమే అవ్వాలని ఎక్కడుంది? బాంబు పేలడానికి 40 సెకన్లు. డిఫ్యూజ్‌కి, అంటే బాంబుని ఆపడానికి, కిట్ అనే పనిముట్టు లేకపోతే 10, ఉంటే 5. డిఫెన్స్ వైపు ఉన్నప్పుడు ఫ్రీజ్ టైములో "కిట్లు ఎవడూ కొనలేదా, సిగ్గులేదా" అని ఆల్-చాట్‌లో మీ వాళ్ళనే తిడుతున్నట్టు రాయండి, పొరపాటున వై నొక్కినట్టు. బాంబు ప్లాంట్ అయ్యాక (పెట్టేశాక) మిగిలిన ఒక్క టెర్రరిస్టు మనసులో లెక్కేసుకుంటాడు: 8 సెకన్లే ఉన్నాయి, ఇక డిఫ్యూజ్ కాదు, పేలుడికి దూరంగా పోయి తుపాకి దక్కించుకుందాం. వాడు కదిలాడా, మీ కిట్ మనిషి 5 సెకన్లలో ముగించేస్తాడు. కిట్ ఖరీదు 400, రౌండు మీది.

కాకపోతే మ్యాచికి ఒక్కసారే చెల్లుతుంది. అందరికీ కిట్లు ఉన్నాయని కిందటి రౌండులోనే చూసి ఉంటే అసలు చెల్లదు.

కిట్_లేదు
అది బ్లఫ్ అక్కా, గిల్లుడు కాదు. పేకాటలో దొంగ చూపు లాంటిది. నేను వద్దంటున్నది పొగరు మాటల్ని. అయినా నా పేరుకే ఎసరు పెట్టారు, రేపట్నుంచి ఎవడూ నమ్మడు.

ఎకో_రాజు
మాటలు వదిలేయండి, చేతల్లో గిల్లుడు ఇంకా ఖరీదు. కత్తి కిల్ గురించి అంటున్నా. కత్తితో చంపితే 1500 వస్తుంది, ఏకే-47తో 300. అంటే అదనంగా మిగిలేది 1200. తేడా కొట్టి చచ్చావంటే పోయేది ఏకే 2700, కవచం హెల్మెట్‌తో కలిపి 1000, గ్రెనేడ్లు అదనం. పైగా నీ ఏకేని వాడు ఏరుకుంటాడు.

వెనకనుంచి కుడి క్లిక్ పొడిస్తే ఒక్క దెబ్బే. ముందునుంచైతే కవచం ఉన్నోడికి 55, లేనోడికి 65, అంటే రెండు పోట్లు కావాలి. రెండోది పడేలోపు వాడు తిరిగి కాల్చేస్తాడు. కత్తి పట్టుకుంటే వేగం 250, ఏకేతో 215, అందుకే ఊరిస్తుంది. కానీ పరిగెడితే అడుగుల చప్పుడు, షిఫ్ట్ నొక్కి నడిస్తే అందుకోలేవు. నా లెక్క ఇది: వాడు చివరివాడై ఉండాలి, వీపు ఇటు ఉండాలి, తుపాకి పట్టుకున్న మనవాడు ఇంకొకడు గురిపెట్టి పక్కనుండాలి. మూడిట్లో ఒక్కటి తప్పినా కత్తి లోపలే ఉంచు.

హాఫ్ చివరి రౌండులో ఇదంతా వర్తించదనుకోండి. అప్పుడు డబ్బుకి విలువే లేదు, కాబట్టి సరదా చవక. రౌండు పోతే మాత్రం జట్టంతా కలిసి తంతారు.

నిశ్శబ్దం_7
అందరూ లాభనష్టాలే లెక్కేస్తున్నారు, హద్దు సంగతి ఎవరూ ఎత్తలేదు. నా మటుకు గీత ఇది: కిల్‌ఫీడ్‌లో (ఎవరు ఎవర్ని చంపారో చూపే జాబితాలో), స్కోర్‌బోర్డులో కనిపించేదాని మీద ఏమైనా అనండి. మిస్సయిన షాటు, తనకే పడిన ఫ్లాష్, మంటలోకి నడవడం, 2 కిల్స్ 14 డెత్స్, అన్నీ అనండి. మనిషి గొంతు, యాస, ఆడా మగా, ఇంట్లోవాళ్ళు, ఇవి ఆటలో లేవు. అక్కడికి పోతే అది గిల్లుడు కాదు, వేధింపు.

గొంతు విని ఎగతాళి చేస్తే ఆ మనిషి మైక్ ఆపేస్తారు. ఎగతాళి మీ జట్టులోనే పుట్టిందంటే ఇక మీకు నలుగురి కాల్‌అవుట్లే (శత్రువు ఎక్కడున్నాడో చెప్పే మాటలు). ఒక సైటు మీద ఎంతమంది వచ్చారో తెలియకుండా రొటేట్ అవుతారు, అంటే ఇంకో సైటుకి మారతారు.

ఇక "జీజీ ఈజీ" (మంచి ఆట, తేలిగ్గా కొట్టేశాం) బ్యాచ్. ఓవర్‌వాచ్ అనే ఆటలో అది టైప్ చేస్తే ఆటే దాన్ని మార్చేసి, రాసినవాణ్ణే వెర్రివెంగళప్పని చేసే లైను చూపించేది, 2016లోనే. నిషేధించి ఉంటే వీరుడయ్యేవాడు, నవ్వులపాలు చేసేసరికి సరదా తీరింది. గెలిచాక "ఈజీ" అనడంలో నైపుణ్యం ఏముంది? ఓడిపోతూ వేసే పంచ్‌కే విలువ. 3-11 మీద ఉండి "అలసిపోయారా, నీళ్ళు తాగండి" అనేవాడంటే నాకు గౌరవం.

బీసైట్_బుల్లోడు
ఆ చివరి మాటకి లైక్. హద్దు విషయంలో గొడవే లేదు. కానీ చాట్ మొత్తం మూస్తే హద్దులో ఉన్నోడికీ శిక్షే కదా?

మోడరేటర్
అందరి మాటా విన్నాం. ఈ విడతకి ఇలా ఆడదాం. రాత చాట్ ఫ్రీజ్ టైములో, రౌండు ముగిశాక మాత్రమే. వాయిస్ సంగతికొస్తే, వార్మప్, హాఫ్‌టైమ్, మ్యాచ్ చివర ఇరుజట్లనీ కలిపే సెట్టింగు సర్వర్‌లో ఉంది, దాన్ని ఆన్ చేస్తాం. మిగతా టైములో జట్టుకి జట్టే. నిశ్శబ్దం_7 గీసిన గీత దాటితే మ్యాచి నుంచి బయటికి, రెండో మాట లేదు. రౌండు నడుస్తుండగా సరదాకి రాసినోడు తరవాతి రౌండు పిస్టల్‌తో ఆడాలి, ఏదీ కొనకూడదు, ఏరుకోకూడదు.

బీసైట్_బుల్లోడు
ఒప్పుకున్నా. 12వ రౌండులో రాస్తే శిక్ష 13లో పడుతుంది, అక్కడ హాఫ్ మారి అందరూ ఎలాగూ 800తో పిస్టల్ రౌండే. కాబట్టి 12వ రౌండంతా నాదే, నోట్ చేసుకోండి.

మోడరేటర్
చూశాం. 12లో రాస్తే శిక్ష 14లో.

ఎకో_రాజు
అయితే ఇంకో చిల్లు మిగిలింది. ఎలాగూ ఎకో చేయాల్సిన రౌండుకి ముందు రాసుకుంటే? వాడికి పోయేదేముంది?

మోడరేటర్
నీకు సలహా ఎవరడిగారు?