అప్‌డేట్: వంట తరగతిలో ప్రపంచ సంస్కృతులు, చివరికి ఏది పనిచేసిందంటే

రెండు నెలల క్రితం ఇక్కడే అడిగాను. ఎనిమిది నుంచి పదేళ్ల పిల్లలకు వారానికొక దేశం వంట నేర్పుతుంటే, తిన్న రుచి తప్ప ఆ దేశం గురించి ఒక్క ముక్కా గుర్తుండడం లేదని. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

పనిచేసింది ఒక్కటే: ‘దేశాలను వదిలేసి, ఒకే పదార్థాన్ని పట్టుకుని తిరగండి’ అన్న సలహా. ఆరు వారాలూ రొట్టెలే చేశాం. మెక్సికో టోర్టియా రోజున మొక్కజొన్నను సున్నపు నీటిలో ఎందుకు ఉడికిస్తారో చెప్పాను. అలా చేస్తేనే అందులోని నియాసిన్ (ఒక బి విటమిన్) ఒంటికి బాగా పడుతుంది. మొక్కజొన్నను తెచ్చుకున్న యూరప్ ఆ పద్ధతిని తెచ్చుకోలేదు. దాని మీదే బతికిన పేదలను నియాసిన్ లోపంతో వచ్చే పెలగ్రా జబ్బు పీడించింది. గదంతా నిశ్శబ్దం! (సున్నపు నీటి పని ముందురోజే నేను చేసిపెట్టాను, పిల్లల చేతికి ఇవ్వలేదు.)

ఇథియోపియా రొట్టె ఇంజెరా కోసం టెఫ్ అనే చిరుధాన్యపు పిండిని మూడు రోజులు పులియబెట్టాం. మొదటిరోజు ముక్కు మూసుకున్న అబ్బాయే మూడోరోజు మూత తీయడానికి అందరికన్నా ముందు నిలబడ్డాడు. ఒకే పళ్లెం చుట్టూ కూర్చుని, పక్కవారి నోట్లో ముద్ద పెట్టే గుర్షా సంప్రదాయాన్ని ఎవరూ మరిచిపోలేదు.

జెండాలకు రంగులు, వేషాలు, వంటకు ముందు ఉపన్యాసం: ఏవీ అక్కరకు రాలేదు. పిల్లల వయసు చాలదేమోనన్న నా అనుమానమూ తప్పే. అలర్జీల సంగతి ముందే రాయించుకోమన్న సలహా మాత్రం అలాగే పాటిస్తున్నాను.

వచ్చే విడత బియ్యం.