పౌల్నబ్రోన్: దుఃఖాల గుంటా, తిరగలి గుంటా?

మాధవి: ఐర్లండ్‌లో క్లేర్ కౌంటీ బరెన్ సున్నపురాతి నేల మీదున్న పౌల్నబ్రోన్ సమాధిని తెలుగులో ఎవరో "దుఃఖాల గుంట" అన్నారు. ఆ వాక్యం ఎవరికైనా పూర్తిగా గుర్తుందా?

భాస్కర్: ముందు ఆ "దుఃఖాల" వదలండి. పేరులో "పౌల్" అంటే గుంట, "న" ఇంగ్లీషు "ద" (the) లాంటిది. ఐరిష్‌లో "బ్రోన్" అంటే దుఃఖమే గానీ, ఇక్కడిది "బ్రో" అనే స్త్రీలింగ పదానికి షష్ఠి. బ్రో అంటే తిరగలి. దుఃఖం పుంలింగం, ఏకవచనమైతే ముందు "న" రాదు, "అన్" రావాలి.

సుభద్ర: మాధవిగారు రాసింది బహువచనం కదండీ. దానికి "న" వస్తుంది.

భాస్కర్: వస్తుంది, వెంటనే బకారం మకారమవుతుంది: "న మ్రోన్". టిప్పరరీలోని స్లీవ్‌నమన్ చూడండి, స్త్రీల కొండ. విడిగా "బన్", కొండపేరులో "మన్". ఇంగ్లీషు స్పెల్లింగులోకి ఎక్కినా ఆ మకారం పోలేదు. పౌల్నబ్రోన్‌లో అది లేనేలేదు.

విశ్వనాథం: మన ద్రుతకార్యమే, మాట చివరి నకారం (ద్రుతం) తర్వాతి అక్షరాన్ని మార్చడం! వాళ్ళకీ కకారం గకారమవుతుంది, మనకు "పూచెఁ గలువలు". రెండుచోట్లా పదాంత అనునాసికమే కారణం. తిక్కన సంభాషణల్లో ద్రుతం పలికించి చదివితే ఆ నడకే వేరు.

సుభద్ర: తిక్కన సరే, తిరగలి ఒప్పుకోను. ఈ సమాధి కట్టిన కొత్తరాతియుగంలో తిప్పే రాళ్ళు లేవు, ముందుకూ వెనక్కూ రాసి నూరేవే. నూరుడురాయి అనాలి.

భాస్కర్: పేరు పెట్టింది ఐరిష్ మాట్లాడినవాళ్ళు, సమాధి కట్టినవాళ్ళు కాదు. నడుమ వేల ఏళ్ళు.

శ్రీలత: "గుంట" మాటేమిటి? పైకి కనబడేది నిలువురాళ్ళ మీద సుమారు 4 మీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల మందం ఉన్న కప్పురాయి. అయితే 1986, 1988 తవ్వకాల్లో కనీసం 33 మంది ఎముకలు దొరికాయి, చాలావరకు గది అడుగున రాతి నెర్రెల్లోనే. తూర్పు నిలువురాయి పగలడం వల్లే ఆ పని మొదలైంది. ఇప్పుడున్నది మార్చిన రాయి. వెళ్ళేవారికి: ఆర్480 రోడ్డు పక్కనే, కొద్దిపాటి నడక. భయమంతా ఆ నెర్రెలతోనే, కాలు దిగబడితే చీలమండ మెలిపడుతుంది. వాన పడితే రాయి జారుతుంది, పట్టున్న బూట్లు వేసుకోండి. సమాధి చుట్టూ కట్టిన తాడు దాటొద్దు. చిల్లరాళ్ళు పేర్చి బొమ్మ సమాధులు కట్టొద్దు. రాయి కదిపితే నెర్రెల్లోని మట్టీ మొక్కలూ దెబ్బతింటాయి.

విశ్వనాథం: తెలంగాణలో ఇలాంటివాటిని రాకాసిగుళ్ళు అంటారు. ఆ పేరే వాడితే?

మాధవి: గుళ్ళా, గూళ్ళా? గుడికి బహువచనమా, గూడుకా?

విశ్వనాథం: హ్రస్వమే. రాక్షసగుళ్ళు అనే అచ్చులో చూస్తాం.

సుభద్ర: అచ్చు సంగతి పక్కన పెట్టండి. మూడువైపులా బండలు, పైన కప్పు, ఒకవైపు తెరిచి ఉంటే అది గూడేనండీ.