మేత జొన్నకి ఎర్రమచ్చ: మారిన వానలదా, మన సేద్యానిదా?

ఆనందపురం పాడి:
వరుసగా రెండో ఏడు మేత జొన్నకి ఎర్రమచ్చ తెగులు. కింది ఆకులు ఎండిపోయాయి, గేదెలు సగం తొట్టిలోనే వదిలేస్తున్నాయి. జూలై అంతా చినుకు లేదు, ఆగస్టులో వారం ముసురు. వాతావరణం మారడం వల్లే అంటాను. మీరేమంటారు?

పద్మనాభం మేష్టారు:
ముసురు మనకి కొత్తా? మా నాన్నగారి రోజుల్లోనూ ఎర్రమచ్చ ఉంది. ఆ శిలీంధ్రం పొలంలో మిగిలిన మోళ్లలో, విత్తనంలో దాక్కుంటుంది. జొన్న మీద జొన్న వేస్తే ఎక్కడికి పోతుంది? మధ్యలో అలసంద వేయండి, విత్తనశుద్ధి చేయండి.

సబ్బవరం కుర్రాడు:
మాది నేపియర్ గడ్డి. ఏ మచ్చా లేదు.

ఆనందపురం పాడి:
మేష్టారూ, మూలం మోళ్లలోనే ఉందనుకుందాం. అది పైకి ఎక్కాలంటే మాత్రం వెచ్చటి తేమ, తడి ఆకు కావాలి. చినుకు చిందితేనే కదా బీజాలు పై ఆకుకి చేరేది. నా బాధ ఇంకోటి. బెట్టకి గిడసబారిన లేత జొన్న కోసి వేస్తే అందులోని విషం, అదే నాము, తగిలి పశువు చూస్తూండగానే పోతుంది. అందుకని సగం పూత వచ్చేదాకా ఆగాను. ఆగిన ఆ పదిహేను రోజుల్లోనే ముసురు పట్టింది. ముందు కోస్తే నాము, ఆగితే మచ్చ. ఇదివరకు మధ్యలో కాస్త వ్యవధి దొరికేది.

భీమిలి గేదెలు:
జొన్నకి తేనెబంక తెగులు కూడా ఎక్కువైంది. అంతా వేడి వల్లే.

పద్మనాభం మేష్టారు:
ఇదిగో, ఇక్కడే దొరికిపోయారు. తేనెబంక పూత దశలో కంకికి వస్తుంది. దానికి చల్లటి మబ్బు వాతావరణం కావాలి. వేడి పెరిగితే తగ్గాలి కదా? పైగా మేతకైతే సగం పూతలోనే కోసేస్తాం, గింజతో మనకేం పని?

భీమిలి గేదెలు:
అదంతా నాకు తెలీదండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ తుఫానుకి మా గడ్డివాము తడిసి బూజు పట్టింది. వేరే గడ్డి దొరక్క అదే వేశాం. ఒక గేదెకి చెవులు, తోక కొస కుళ్లి ఊడిపోయాయి.

పద్మనాభం మేష్టారు:
అది వాములో బూజు. పైరు తెగులు కాదు. రెండూ కలపొద్దు.

భీమిలి గేదెలు:
గేదెకి ఆ తేడా తెలీదు.

పద్మనాభం మేష్టారు:
పంట మార్చమంటే మార్చరు, వానని తిడతారు.

ఆనందపురం పాడి:
మార్చు మార్చు అంటున్నారు, పొలం నాదైతేగా! ప్రతి ఏడూ "వచ్చే ఏడు లేఅవుట్ వేస్తాం" అంటారు యజమాని. అలసందలో జొన్నంత మేత రాదు, కౌలు మాత్రం తగ్గదు. నేపియర్ నాటితే మూడు నాలుగేళ్లు కోసుకోవచ్చు, నాకు నాలుగు నెలలకే భరోసా లేదు. కౌలుదారుగా నన్ను గుర్తించే సాగు హక్కు పత్రానికి సంతకం అడిగితే ఫోన్ ఎత్తరు. 2019 చట్టం ప్రకారం అది 11 నెలల పత్రమే, భూమి ఎక్కడికీ పోదని చెప్పినా సరే. తప్పు నా సేద్యానిదే అని మీరు తేల్చేస్తే నష్టమంతా నా నెత్తినే. వానది అంటే కనీసం ఎవరినైనా అడగడానికి నోరుంటుంది.

పద్మనాభం మేష్టారు:
నేనూ రెండెకరాలు కౌలుకిచ్చాను. సంతకం పెట్టలేదు, నిజమే. కాగితంలో పేరెక్కితే రేపు కోర్టుల చుట్టూ తిరగాలేమోనని భయం. దానికీ ఎర్రమచ్చకీ ఏం సంబంధం?

ఆనందపురం పాడి:
మీ కౌలుదారు ఈ ఏడు ఏం వేశాడు?

పద్మనాభం మేష్టారు:
జొన్నే. అలసంద వేయమని చెప్పాను, వినలేదు.

సబ్బవరం కుర్రాడు:
నేపియర్ కణుపులు కావాలంటే పట్టుకెళ్లండి అన్నా, డబ్బులొద్దు.

ఆనందపురం పాడి:
గట్ల మీదే నాటాలి తమ్ముడూ. ఆదివారం వస్తా.