అరకు ఘాటులో ట్రైలర్‌ను లాగే ఆటోమేటిక్ పికప్: గేర్‌బాక్స్‌ను ఎలా కాపాడుకోవాలి?

ప్రశ్న (గాజువాక నుంచి)
నాది ఆరు గేర్ల ఆటోమేటిక్ డీజిల్ పికప్. 92 వేల కిలోమీటర్లు తిరిగింది. పెళ్లిళ్లకు జనరేటర్ ట్రైలర్ తగిలించి అరకు వెళ్తుంటాను. దాని బరువు సుమారు 1,100 కిలోలు. శృంగవరపుకోట దాటి ఘాటు ఎక్కుతుంటే గేర్లు మూడుకూ నాలుగుకూ మధ్య ఊగిసలాడుతున్నాయి. మొన్న అనంతగిరి దగ్గర హెచ్చరిక దీపం వెలిగింది. ఆపి చూస్తే మాడిన వాసన. గేర్‌బాక్స్ లోపలి క్లచ్ ప్లేట్లు గట్టివి వేయించమని ఒక మెకానిక్ అంటున్నారు. ఈ బండే మా ఇంటికి ఆధారం. సలహా ఇవ్వండి.

జవాబు (మర్రిపాలెం నుంచి)
అన్నగారూ, తొందరపడి విప్పించకండి. ముందు గేర్‌బాక్స్ ఆయిల్ చూడండి. ఎర్రగా ఉంటే మంచిదే; నల్లబడి మాడు వాసన వేస్తుంటే, అందులో పొడి కనిపిస్తుంటే ప్లేట్లు అరుగుతున్నట్టే, అప్పుడు విప్పక తప్పదు. లేకపోతే అసలు శత్రువు వేడి. ఎత్తు మీద నెమ్మదిగా లాగుతున్నప్పుడు టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే భాగం) లాక్ పడదు, అంటే రెండూ నేరుగా కలిసి తిరగవు; లోపల ఆయిల్ చిలికినట్టు తిరిగి మరిగిపోతుంది. రేడియేటర్ ముందు విడిగా ఆయిల్ కూలర్, క్యాబిన్‌లో ఉష్ణోగ్రత మీటర్ పెట్టించండి. 120 డిగ్రీలు దాటితే ఆగి, న్యూట్రల్‌లో ఇంజిన్ నడవనివ్వండి. ఘాటులో మాన్యువల్ మోడ్‌కు మార్చి మూడో గేరులోనే ఉంచండి. కంపెనీ చెప్పిన ఆయిలే వాడండి, దీని విషయంలో పొదుపు వద్దు.

జవాబు (పెందుర్తి నుంచి)
దిగేటప్పుడూ తక్కువ గేరే. ట్రైలర్‌కు సొంత బ్రేకులు ఉన్నాయా?

ప్రశ్న అడిగినవారు
లేవండీ. ఆయిల్ గోధుమ రంగులో ఉంది, పొడి లేదు. కూలర్, బ్రేకులు రెండూ ఈ వారమే పెట్టిస్తాను.