అభిఘాత మధ్యచ్ఛేదంలో కోసేది దేన్ని? (మూడు ఊళ్ల టీచర్ల మధ్య మాటలు)

అనంతపురం: ‘అభిఘాత మధ్యచ్ఛేదం’ (కొలిజన్ క్రాస్ సెక్షన్)లో ఆ ఛేదం ఏంది సార్? పరమాణువును నడిమికి కోసినట్టు ఊహించుకుని పిల్లోళ్లు పై ఆర్ స్క్వేర్ వేస్తున్నారు. ఆర్గాన్‌కు 9 వస్తోంది, పుస్తకంలో 36 ఉంది.

కడప: జవాబు సరిగ్గా నాలుగో వంతు పడిందంటే తప్పు అదేనన్నా. కోసేది పరమాణువును కాదు. ఒకే సైజు గోలీలు రెండు తగిలినప్పుడు కేంద్రాల నడుమ దూరం వ్యాసమంత ఉంటుంది. వచ్చే పరమాణువు కేంద్రం ఎంత మేరలో పడితే తగులుతుందో, ఆ మేరే మధ్యచ్ఛేదం: పై డి స్క్వేర్. ఆర్గాన్ గతిజ వ్యాసం, అంటే తాకిడి లెక్కల్లో వాడే వ్యాసం, 3.40 ఆంగ్‌స్ట్రామ్‌లు (ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యి కోట్ల వంతు), వర్గం 11.56, పైతో గుణిస్తే 36.3 చదరపు ఆంగ్‌స్ట్రామ్‌లు. హీలియం 2.60కి 21.2. హీలియం–ఆర్గాన్ జంటకు ముందు వ్యాసాల సగటు (3.00) తీసి, ఆపైన వర్గం చేయాల: 28.3. వైశాల్యాలనే సగటు చేస్తే 28.8 వస్తుంది. దగ్గరగా ఉంటుంది కాబట్టి దిద్దేటోళ్లకు కూడా ఈ తప్పు దొరకదు.

కర్నూలు: గుర్తుతో ఇంకో తంటా. మధ్యచ్ఛేదానికీ సిగ్మానే, పరమాణువుల నడుమ ఆకర్షణ, వికర్షణలను చెప్పే లెనార్డ్-జోన్స్ సూత్రంలో దూరానికీ సిగ్మానే. ఆ దూరాన్ని తెచ్చి సగటు స్వేచ్ఛాపథం (రెండు తాకిడుల నడుమ పరమాణువు పోయే సగటు దూరం) సూత్రంలో పెడితే ప్రమాణాలే కుదరవు. ఆర్గాన్‌కు 298 కెల్విన్, 1,01,325 పాస్కల్‌ల దగ్గర 79 నానోమీటర్లు రావాల. 112 వచ్చిందంటే సూత్రంలోని రూట్ 2 మరిచినట్టే.

అనంతపురం: అట్లయితే ‘తాకుడు మేర’ అందామా?

కడప: గట్టి గోళాల వరకు బాగుంటుంది. నిజం పరమాణువులకు ఆకర్షణ ఉంది కదా, నెమ్మదిగా పోయేది దారి తప్పి లోపలికి వంగుతుంది. అందుకే వేడి తగ్గేకొద్దీ మేర పెరుగుతుంది. 273 కెల్విన్ దగ్గర స్నిగ్ధత (వాయువు జిగట) నుంచి లెక్క తీస్తే ఆర్గాన్ వ్యాసం 3.6 దాటుతుంది. ఎలక్ట్రాన్ వచ్చిందా, కథే వేరు. 0.3 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి దగ్గర ఆర్గాన్ దానికి దాదాపు అడ్డే కాదు. దీన్ని రామ్‌సావర్ ప్రభావం అంటారు. క్రిప్టాన్, జినాన్‌లలోనూ ఉంది, హీలియం, నియాన్‌లలో లేదు. ఇక్కడ ‘తాకుడు’ అనే మాటకు అర్థమే లేదు.

కర్నూలు: ఇంగ్లీషోళ్లదీ ఇదే అవస్థ. కేంద్రకాల మధ్యచ్ఛేదం కొలతకు, అంటే చదరపు ఆంగ్‌స్ట్రామ్‌లో పది కోట్ల వంతుకు, ‘బార్న్’ అని పేరు పెట్టినారు, మన కొట్టం లాంటిదే అనుకోండి. ఆ లెక్కన ఒక ఆర్గాన్ జంటకు 363 కోట్ల కొట్టాలు!

కడప: పరీక్షలో పుస్తకం మాటే రాయించండన్నా. క్లాసులో మాత్రం ‘తగిలే మేర’ అని చెప్పి, బోర్డు మీద రెండు వృత్తాలు ఆనించి గీసి, కేంద్రం నుంచి కేంద్రానికి గీత కొట్టండి. ఆ గీతే డి.