ఐస్‌లాండ్ రై రొట్టె ఇంట్లో చేసేవారి చర్చ: మూత, పాకం, పులుపు

గోదారిగట్టు:
ఐస్‌లాండ్ రాజధాని రేక్యావిక్‌లో తిన్న రూగ్‌బ్రోయిథ్‌ను, అంటే రై అనే ధాన్యపు పిండితో చేసే రొట్టెను, హైదరాబాదులో మా ఇంట్లో చేయాలనుకుంటున్నాను. ఓవెన్‌లో 100 డిగ్రీల వద్ద రాత్రంతా ఉంచాలని విన్నాను. మూత ఎంత బిగువుగా ఉండాలి? అందులో పోసే గోల్డెన్ సిరప్‌కు (చిక్కటి చక్కెర పాకానికి) బదులు బెల్లం పాకం పోయవచ్చునా? మధ్యలో కరెంటు పోతే ఏం చేయాలి?

ఐస్‌లాండ్ కోడలు:
మూత సంగతే ముందు చెబుతాను, ఎందుకంటే అందరూ తేలిగ్గా తీసుకునేది దాన్నే. ఈ రొట్టె తన ఆవిరిలో తానే ఉడకాలి. ఆవిరి బయటికి పోయిందా, పైన పెచ్చు కట్టి లోపల పొడిబారుతుంది. ఇక్కడ చాలా ఇళ్లలో ఖాళీ పాల అట్టపెట్టెలను కడిగి, పొంగడానికి చోటు వదిలి పిండి నింపి, నోరు మూసి ఓవెన్‌లో నిలబెడతారు.

పాతపిండి:
సిరప్ ప్రసక్తే అనవసరం. నిదానంగా వేడెక్కే రై పిండిలోని ఎంజైములే పిండిపదార్థాన్ని చక్కెరగా మారుస్తాయి కనుక, కొంత తీపి దానంతటదే పుడుతుంది. పులిసిన పిండిని పక్కన పెట్టి, బేకింగ్ పౌడరూ సిరప్పూ కలిపినదాన్ని సంప్రదాయం అంటే నాకు మింగుడుపడదు.

ఐస్‌లాండ్ కోడలు:
మా అత్తగారు సిరప్ పోసే చేస్తారు, ఆవిడ చేతి రొట్టెను తక్కువ చేస్తే నేను ఊరుకోను. 1602 నుంచి 1787 వరకు డెన్మార్క్ వర్తకుల గుత్తాధిపత్యం సాగిన ఈ దేశానికి ధాన్యం ఓడల మీదే వచ్చేది. ఓడ మీద వచ్చిన పిండి పనికొచ్చినప్పుడు, ఓడ మీద వచ్చిన సిరప్ ఎందుకు మైలపడింది?

బేకరీ మాస్టారు:
రై రొట్టెలు చేయడమే నా వృత్తి కనుక ఈ విషయంలో నా మాట వినండి. రైలో గోధుమకున్న సాగుడు లేదు. అందులోని పెంటోసాన్లు అనే జిగురు పీచుపదార్థాలు నీటిని పట్టుకొని ముద్దను నిలబెడతాయి. పులుపు చాలకపోతే ఎంజైములు హద్దు మీరి, ముక్క మధ్యలో బంకగా మిగులుతుంది. అందువల్ల బేకింగ్ పౌడర్ వాడేవారు కూడా పాలకు బదులు మజ్జిగ పోయడం మేలు. పూర్తిగా చల్లారేదాకా కత్తి పెట్టకండి.

పాతపిండి:
పులుపు గురించి నేను ముందే అన్నాను. ఇప్పుడు మీరు చెబితే శాస్త్రం, నేను చెబితే చాదస్తం!

సరస్సు ఒడ్డు:
ఐస్‌లాండ్‌లోని లోయిగర్వాట్న్ అనే ఊరు వెళ్లి చూస్తే ఈ తగవు తీరుతుంది. అక్కడ సరస్సు ఒడ్డున, భూమి లోపలి వేడికి కాగే నల్ల ఇసుకలో కుండను పూడ్చి, 24 గంటల తరువాత తవ్వి తీస్తారు. పార దిగిన చోట నీళ్లు బుడబుడమంటూ ఉబికివస్తుంటాయి. కుండ బోర్లించగానే ముదురు గోధుమ రంగు దిమ్మ జారి పడుతుంది. వేడి ముక్క మీద వెన్న కరుగుతుండగా, పొగబెట్టిన ట్రౌట్ చేపతో తినాలి. ఆ రొట్టెలో పంచదార పడుతుంది, పాతపిండి గారూ.

ఐస్‌లాండ్ కోడలు:
మిగిలిన ఎండు ముక్కలను పారేయకుండా నానబెట్టి తీపి బ్రెడ్ సూప్ కాస్తారు. ఉడికించిన చేపా బంగాళదుంపా కలిపి మెదిపే ప్లోక్‌ఫిస్కూర్‌కు ఈ రొట్టె పక్కన లేకపోతే మా ఇంట్లో భోజనమే కాదు.

బేకరీ మాస్టారు:
గోదారిగట్టు గారూ, బెల్లం నిక్షేపంగా వాడవచ్చు. వేడినీళ్లలో కరిగించి, నలక లేకుండా వడకట్టి, చల్లారాకే మజ్జిగలో కలపండి. ఆ నీళ్ల మేరకు మజ్జిగ తగ్గించండి.