యుగోస్లావియాలో విడిపోయే హక్కు ఎవరిది: జాతులదా, రిపబ్లిక్కులదా?

అందరికీ నమస్కారం. ఎమ్మే హిస్టరీ చదువుతున్నాను. వచ్చే వారం సెమినార్‌లో యుగోస్లావియా విచ్ఛిన్నం గురించి మాట్లాడాలి, కాస్త టెన్షన్‌గా ఉంది. అలీనోద్యమం పాఠంలో నెహ్రూ, నాజర్ పక్కన యుగోస్లావియా అధినేత టిటో పేరు చూడటం తప్ప మొన్నటిదాకా నాకు ఆ దేశం గురించి ఏమీ తెలీదు.

1980లో టిటో మరణం, విదేశీ అప్పులు, 1989లో మండిపోయిన ధరలు, సెర్బియా నేత మిలోసెవిచ్ ఎదుగుదల, ఇంతవరకు అర్థమైంది. చిక్కు వేరే చోట ఉంది. 1974 రాజ్యాంగం పీఠిక విడిపోయే హక్కు గురించి చెబుతూ, అది ప్రతి జాతికీ ఉందంటుంది. కానీ 1991 జూన్ 25న స్వాతంత్ర్యం ప్రకటించుకున్న స్లొవేనియా, క్రొయేషియాలు రిపబ్లిక్కులు, అంటే ఆ సమాఖ్యలోని రాష్ట్రాల్లాంటివి. మరి క్రొయేషియాలోని సెర్బులు "మేమూ ఒక జాతే కదా" అంటే ఏం చెప్పాలి?

యూరోపియన్ కమ్యూనిటీ వేసిన న్యాయ నిపుణుల సంఘం, బాడింటెర్ కమిషన్, 1992 జనవరిలో రిపబ్లిక్కుల మధ్య ఉన్న పాత గీతలే అంతర్జాతీయ సరిహద్దులని తేల్చింది. వలసపాలన నుంచి బయటపడ్డ దేశాలకు వాడిన సూత్రాన్నీ (పాత పాలనా గీతలే కొత్త సరిహద్దులు), 1974 రాజ్యాంగంలోని 5వ అధికరణాన్నీ (రిపబ్లిక్ ఒప్పుకోకుండా దాని భూభాగం మార్చకూడదు) రెండింటినీ చూపించింది. ఇందులో అసలు బరువు దేనిది? నాకైతే మొదటిది ఇక్కడ బలవంతంగా అతికించినట్టే అనిపిస్తోంది. పొరపాటైతే సరిదిద్దండి.

ఇంకొకటి. స్లొవేనియాలో యుద్ధం పది రోజుల్లో ముగిసింది, బోస్నియాలో 1995 చివరిదాకా సాగింది. స్లొవేనియాలో సెర్బులు తక్కువ కావడమే కారణమంటే సరిపోతుందా? సెర్బియాలో ప్రావిన్సుగా ఉన్న కొసోవో సంగతి ఇప్పుడు కలపొద్దు, ప్లీజ్. అంతర్జాతీయ చట్టం చదివినవాళ్లు ఎవరైనా ఉంటే తేలిక మాటల్లో చెప్పగలరా?